బందరు (పద చరిత్ర)

బందరు అనేది ఓడరేవు అనే అర్థంలో పారసీక భాషలో వాడుకలో ఉండి, సముద్ర వర్తకుల వెంట పశ్చిమాసియా, తూర్పు ఆఫ్రికా, భారతదేశం, ఆగ్నేయాసియా భాషల్లోకి వ్యాపించిన పదం. దీని పారసీక రూపం ‘బందర్’; కట్టు, అడ్డుకట్ట అనే అర్థాలున్న ‘బంద్’ శబ్దంతో దీనికి సంబంధం ఉందని సాధారణంగా చెబుతారు. హిందీలో కోతికి వాడే ‘బందర్’ సంస్కృత ‘వానర’ శబ్దానికి తద్భవం కనుక, ఈ రెండింటికీ ధ్వనిలోనే తప్ప మూలంలో పోలిక లేదు.

స్వాహిలిలో రేవును ‘బందారి’ అంటారు. తుర్కుల ద్వారా ఈ మాట నదీతీరాలకూ చేరింది; 1538లో ఒట్టోమన్లు ఆక్రమించిన, నేటి మాల్దోవాలోని ద్నీస్తర్ ఒడ్డు కోటకు ‘బెందర్’ అన్న పేరు అలా వచ్చిందే.

మలై ప్రాంతంలో పదంతోపాటు పదవి కూడా స్థిరపడింది. రేవుకు అధికారి అయిన ‘షాబందర్’ సుంకాలనూ విదేశీ వర్తకుల వ్యవహారాలనూ చూసేవాడు. మలక్కాలో అటువంటి అధికారులు నలుగురు ఉండేవారనీ, గుజరాతీలకు ప్రత్యేకంగా ఒకరు, కోరమండల్, బెంగాల్, పెగూ, పసై వర్తకులకు మరొకరు ఉండేవారనీ 1511 తరువాత అక్కడ పనిచేసిన పోర్చుగీసు ఉద్యోగి తోమె పిరెష్ నమోదు చేశాడు. కాలక్రమంలో మలై భాషలో ‘బందర్’ అర్థం రేవు నుంచి పట్టణానికి విస్తరించింది. 1970లో బ్రూనై రాజధానికి పెట్టిన బందర్ సెరి బెగవాన్ అనే పేరులో పారసీక ‘బందర్’ సంస్కృత ‘శ్రీ భగవాన్’తో కలిసి ఉండటం ఆసక్తికరం.

తెలుగునాట ఈ పదం మహోజ్జ్వలంగా వెలిగిన కాలం గోల్కొండ కుతుబ్ షాహీలది. వారి ప్రధాన రేవు మచిలీపట్నంలో ఇరాన్ నుంచి వచ్చిన వర్తకులు పెద్ద సంఖ్యలో ఉండేవారు. తరువాత మీర్ జుమ్లాగా ప్రసిద్ధుడైన మహమ్మద్ సయ్యద్ అర్దిస్తానీ ఆ రేవుకు హవల్దారుగా పనిచేశాడు. 1605-06లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు అక్కడ వర్తక స్థావరాలు పెట్టగా, అద్దకపు వస్త్రాలతో గోల్కొండ ఓడలు మొదటి షా అబ్బాస్ పేరు మోసే బందర్ అబ్బాస్‌కు నేరుగా సాగాయి. రేవు అనే మాట అప్పటికే తెలుగులో ఉన్నందువల్ల కాబోలు, కొత్త పదం జాతివాచకం కాలేక ఆ ఒక్క ఊరికే పేరై నిలిచి, బందరు లడ్డు, బందరు కాలువ వంటి పదబంధాలనిచ్చింది. 1759లో ఊరు ఆంగ్లేయుల వశమై, 1864 నాటి ఉప్పెనకు ఛిద్రమైనా ఈ వ్యవహారం మారలేదు.

హిందీ, ఉర్దూల్లో ‘బందర్‌గాహ్’ రూపం వాడుకలో ఉండగా, బెంగాలీ దీన్ని మరింత ముందుకు తీసుకుపోయి విమానాశ్రయాన్ని ‘బిమాన్ బందర్’ అంటుంది.