పబ్లిక్ ప్రాసిక్యూటర్

పబ్లిక్ ప్రాసిక్యూటర్ అనగా క్రిమినల్ కేసులలో ప్రభుత్వం తరఫున వాదించే న్యాయవాది. వాడుకలో పి.పి. అంటారు. భారతదేశంలో సెషన్స్ కోర్టు విచారణను ప్రభుత్వం తరఫున నడిపేది పి.పి.యే. సాక్షులను ప్రశ్నించడం, బెయిలు దరఖాస్తులపై వాదించడం వీరి నిత్యకృత్యం. మేజిస్ట్రేటు కోర్టులలో ఈ బాధ్యత సహాయ పబ్లిక్ ప్రాసిక్యూటర్లది. జిల్లా పి.పి. కావాలంటే న్యాయవాదిగా కనీసం 7 సంవత్సరాల అనుభవం ఉండాలి.

పి.పి.ని పోలీసుల వకీలుగా భావించడం పొరపాటు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ అమలులో ఉన్న కాలంలో మేజిస్ట్రేటు కోర్టులలో పోలీసు అధికారులే ప్రాసిక్యూటర్లుగా వాదించేవారు. 1974 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన కొత్త కోడ్ ఈ పద్ధతిని చాలావరకు తొలగించింది. 2024 జూలై 1 నుండి దాని స్థానంలో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా ఇదే విధానాన్ని కొనసాగించింది. విచిత్రమేమంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో సహాయ పి.పి.ల ఎంపిక పరీక్షను పోలీసు నియామక మండలే నిర్వహిస్తుంది.

ఎలాగైనా శిక్ష వేయించడం పి.పి. విధి కాదు. నిందితునికి అనుకూలమైన సాక్ష్యాన్ని సైతం దాచరాదు. కేసును ఉపసంహరించాలని ప్రభుత్వం కోరినా, పి.పి. స్వయంగా పరిశీలించి నిర్ణయించుకోవాలి; ఆపైన కోర్టు అనుమతి తప్పనిసరి. ఈ విషయంలో పి.పి. ఒక విధంగా కోర్టు అధికారి వంటివాడని సుప్రీంకోర్టు 1957లో పేర్కొంది.