సర్కారు ఆఫీసుల్లో కరెంటు ఆదా: అసలు చిక్కు ఎక్కడ?

ఎవరూ లేని గదిలో ఫ్యాన్ తిరుగుతుంటుంది. పట్టపగలు వరండాలో లైట్లు వెలుగుతుంటాయి. ఏ ప్రభుత్వ ఆఫీసుకైనా ఓసారి వెళ్లొచ్చినవాళ్లకి ఈ సీన్ కొత్తేం కాదు. ఎందుకిలా అంటే, స్విచ్ వేసే చేయి ఒకటి, బిల్లు కట్టే ఖాతా మరొకటి. బడ్జెట్ రాకపోతే బకాయి అలాగే పేరుకుపోతుంది, ఆ భారం డిస్కంల మీద పడుతుంది. అందుకే ప్రభుత్వ ఆఫీసులకు ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెట్టాలని 2021లో కేంద్రం నిర్ణయించింది. ఫోన్ రీచార్జ్ లాగే, ముందు డబ్బు కడితేనే కరెంటు అన్నమాట.

ఇక పాత సామాన్ల సంగతి. మామూలు సీలింగ్ ఫ్యాన్ దాదాపు 75 వాట్లు లాగుతుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్‌కి 30 వాట్లు చాలు. పది ఫ్యాన్లున్న చిన్న ఆఫీసులో రోజుకు 8 గంటలు తిరిగితే పాతవాటికి 6 యూనిట్లు, కొత్తవాటికి 2.4 యూనిట్లు. ఏడాదికి 250 పనిదినాలు వేసుకున్నా 900 యూనిట్లు మిగులుతాయి. ఇది ఫ్యాన్ల లెక్క మాత్రమే!

ఏసీల విషయానికొస్తే, ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. 2020 జనవరి 1 నుంచి స్టార్ రేటింగ్ ఉన్న రూమ్ ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలి. కాకపోతే రిమోట్ సార్ చేతిలోనే ఉంటుంది, 18కి దించితే ఆపేవాళ్లు లేరు.

మరి కొత్తవి కొనడానికి డబ్బేది? దీనికి కేంద్ర సంస్థ ఈఈఎస్ఎల్ ఒక దారి చూపించింది. ముందు పెట్టుబడి తనే పెడుతుంది, తగ్గిన బిల్లులోంచి వాయిదాలుగా తిరిగి తీసుకుంటుంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో వీధి దీపాలను ఎల్ఈడీలుగా మార్చింది ఈ పద్ధతిలోనే.

కొత్తగా కట్టేవాటికి ఢిల్లీలోని ఇందిరా పర్యావరణ్ భవన్ మంచి నమూనా. 2014 ఫిబ్రవరిలో ప్రారంభమైన ఈ పర్యావరణ శాఖ ఆఫీసు పైకప్పు మీద 930 కిలోవాట్ల సోలార్ ప్లాంటు ఉంది. తనకు కావాల్సిన కరెంటు తనే తయారుచేసుకునేలా డిజైన్ చేశారు. పగటి వెలుతురు లోపలికి బాగా వచ్చేలా కట్టారు కాబట్టి లైట్ల అవసరమూ తక్కువే.

పాత బిల్డింగులకు మాత్రం ముందు చేయాల్సింది ఎనర్జీ ఆడిట్. ఏ గదిలో ఎంత కాలుతోందో తెలియకుండా ఫ్యాన్లు మార్చినా, ప్యానెళ్లు బిగించినా లెక్క తేలదు.