పాట చివర పేరు



మొన్న బక్రీద్‌కి గోరంట్ల వెళ్లినప్పుడు మా భాంజా ఫోన్ పట్టుకుని నా పక్కన చేరాడు. వారమంతా బెంగళూరులో మొబైల్ షాపులో పని, సెలవు దొరికితే పాట. వాడికదే షౌక్. చెనక్కాయ చేలల్లో కూలికి పోయే అమ్మల మీద తెలుగులో ఒక పాట తనే రాసి, తనే బాణీ కట్టి, జేబులో డబ్బులతో రికార్డు చేయించుకున్నాడు. వెనక కంపెనీ లేదు, సినిమా లేదు.

"మామూ, పాట బాగుందని అందరూ అంటున్నారు. కానీ యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు పేరు మార్చుకోమంటున్నారు. మన పేరు చూస్తే తెలుగు పాట అనుకోరంట, వినకుండానే పోతారంట. ఏం చేయమంటావు?"

నాకు వెంటనే జవాబు దొరకలేదు. వంటింట్లోంచి మా ఆపా మాత్రం, "పేరు పెట్టింది నేను. మార్చమనడానికి వాళ్లెవరు?" అంది.

ఈ సవాల్ కొత్తది కాదు. కొత్త పాటను జనంలోకి తీసుకుపోవాలనుకున్న ప్రతి ఫన్‌కారుకూ ఎదురైందే.

1902 నవంబరు. కలకత్తాలో ఒక హోటల్ గది. లండన్ గ్రామఫోన్ కంపెనీ మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గ్ యంత్రం పెట్టుకుని కూర్చున్నాడు. మిషన్ ముందు పాడడానికి చాలామంది ఉస్తాదులు వెనకాడిన కాలమది. గౌహర్ జాన్ అనే తవాయిఫ్ వెనకాడలేదు. రాత్రంతా సాగే మహఫిల్ పాటను మూడు నిమిషాల్లోకి కుదించింది. పాట అయిపోగానే ఇంగ్లీషులో తన పేరు గట్టిగా చెప్పింది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. ఏ మైనపు పలక ఎవరిదో అక్కడి పనివాళ్లకు తెలియాలి కదా, అందుకని. కానీ ఆ ఎలాన్ దేశమంతటా ఆమె పెహచాన్ అయిపోయింది. పదికి పైగా భాషల్లో దాదాపు ఆరువందల రికార్డులు వచ్చాయి. అగ్గిపెట్టెల మీద కూడా ఆమె బొమ్మే. చివరి రోజుల్లో మైసూరు దర్బారులో చేరి, 1930 జనవరిలో అక్కడే ఇంతెఖాల్ అయింది.

ఇన్సాఫ్‌గా ఒక మాట చెప్పాలి. ఆమె పుట్టినప్పటి పేరు ఏంజెలీనా. తల్లి ఇస్లాం స్వీకరించాక బిడ్డ గౌహర్ అయింది. అంటే పేరు మార్చుకోవడమే తప్పని నేననను. యూసుఫ్ ఖాన్ 1944లో దిలీప్ కుమార్‌గా తెర మీదికొచ్చాడు. ఆయన అదాకారీని ఎవరు కాదంటారు? ఇష్టంతో పేరు ఎంచుకోవడం ఒకటి, భయంతో దాచుకోవడం ఇంకొకటి. ఆ తేడా మనసుకు తెలుస్తుంది.

మన తెలుగు నేలకే వద్దాం. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట పుట్టిన షేక్ నాజర్. చేతిలో తంబురా, వేళ్లకు అందెలు, అటొక వంత ఇటొక వంత. జంగాల పాత కథారూపాన్ని తీసుకుని అందులో బెంగాల్ కరువును, అల్లూరి సీతారామరాజును పోశాడు. ప్రజానాట్యమండలితో ఊరూరా తిరిగాడు. ఆ రోజుల్లో ప్రచారమంటే కాళ్ల మెహనత్. ఈ ఊళ్లో కథ బాగుంటే ఆ మాట పక్క ఊరికి ముందే చేరేది. పల్నాటి యుద్ధం చెబుతున్నది షేక్ నాజర్ అని తెలిసి ఎవరు లేచిపోయారు? జనం ఆయన్ను బుర్రకథ పితామహుడన్నారు, సర్కారు 1986లో పద్మశ్రీ ఇచ్చింది. ఇక ఆయన ఆత్మకథ పేరు చూడండి: 'పింజారి'. లోకం తిట్టుగా వాడే మాటను తీసి అట్ట మీద పెట్టుకున్నాడు. దాంతో తిట్టు కాస్తా ఇజ్జత్ అయింది.

భాంజాకి ఇదంతా చెప్పి ఇంకో మాట కూడా అన్నాను. గజల్ ఆఖరి షేర్‌ను మక్తా అంటాం. షాయర్ తన తఖల్లుస్‌ను అందులోనే పెడతాడు. ఉర్దూవాళ్ల రివాజే అనుకోకు. మన కదిరి వైపు కటారుపల్లిలో వేమన సమాధి ఉంది. ఆయన పద్యాల మకుటంలోనూ ఆయన పేరే. కాగితం మీద రాయకపోయినా నోటి నుంచి నోటికి పోయే పాటలో పేరుంటే పాట, పేరు రెండూ బతుకుతాయని పెద్దలకు తెలుసు.

వాడు పాట చివరి చరణం మార్చాడు. తన పేరు, గోరంట్ల పేరు రెండూ కలిపి మళ్లీ పాడి అప్‌లోడ్ చేశాడు. విన్నవాళ్లు ఇంకా కొన్ని వందలే. పేరు మార్చుకుంటే వేలు వచ్చేవేమో, అల్లాకే తెలుసు. వాడికి కాస్త నిరాశగానే ఉంది.

మూసీఖీ జాయజా కాదా అన్న ఇఖ్తిలాఫ్ మన ఇళ్లలో ఉంది, ఆ బహస్ ఉలమాలకు వదిలేద్దాం. కానీ పెనుకొండ బాబయ్య ఉరుసులో ఎక్కడి నుంచో వచ్చిన ఖవ్వాల్‌కు నోట్లు అందించే మనం, మన గల్లీ పిల్లాడు తెలుగులో పాడితే "గానా బజానా" అని మూతి తిప్పుతాం. పేరు చూసి బయటివాళ్లు వినరేమోనన్న భయం వాడికి ఉంది. ముందు ఇంట్లోవాళ్లం విందాం.

మా ఆపా రోజూ వింటోంది. కొడుకు పేరు వచ్చే చోట ఆపి, ఇంకోసారి వింటోంది.