ఈద్ దస్తర్‌ఖాన్: చాందీ, కళాయి

షీర్ ఖుర్మా మీద చాందీ వరఖ్ అంటించుకుని తినొచ్చంటారు చాలామంది ఉలమా. అదే షీర్ ఖుర్మాని చాందీ కటోరాలో పోసుకుని తాగకూడదు. బంగారు, వెండి పాత్రల్లో తినొద్దు, తాగొద్దు అనే మనాహీ బుఖారీ, ముస్లిం రెండు హదీస్ సంకలనాల్లోనూ ఉంది. మన మేజ్‌బానీ చరిత్రంతా దీని చుట్టూనే తిరిగిందని నాకనిపిస్తుంది.

నవాబుల ఇళ్లలో చాందీ లేదా అంటే, దండిగా ఉంది. మగర్ దాని జాగా వేరు. గడప దగ్గర మెహమాన్ మీద పన్నీరు చిలకడానికి గులాబ్‌పాష్, చేతికి అత్తరు రాయడానికి అత్తర్‌దాన్, ఖానా అయ్యాక పాన్‌దాన్. చాలావరకు నోటికి తగలని సామానే. హనఫీ ఫుఖహా ఇంకా సఖ్త్‌గా, చాందీ పాత్రలోంచి అత్తరు పూసుకోవడం కూడా వద్దన్నారు. నవాబులు విన్నట్టు లేరు!

అయితే చాందీ పొదిగిన గిన్నెలో, పెదవి చాందీకి తగలకుండా తాగితే ఫరవాలేదన్నది ఇమామ్ అబూ హనీఫా మాట. బీదర్ ఉస్తాదుల పని చూసినప్పుడల్లా నాకదే యాదికొస్తుంది. జింకూ రాగీ కలిపి పోత పోసి, చెక్కిన గీతల్లో చాందీ తీగ కూర్చి, బీదర్ ఖిలా మట్టిలో నవసాగరం కలిపి పూస్తారు. లోహం నల్లబడుతుంది, చాందీ అలాగే మెరుస్తుంది. కరీంనగర్ వాళ్లది వేరే హునర్. కమ్మచ్చులోంచి లాగిన సన్నటి వెండి తీగని మెలితిప్పి, టంకంతో అతికి జాలీ అల్లుతారు. దానికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా ఉత్తరాంధ్రకి దగ్గరైన కటక్ తారకసికి మాత్రం 2024 దాకా ఆగాల్సొచ్చింది.

మరి మా నెల్లిమర్లలో? పక్కనున్న శ్రీకాకుళం ఒకప్పుడు కుతుబ్‌షాహీ ఫౌజ్‌దార్ల ఠికానా. షేర్ మహమ్మద్ ఖాన్ 17వ శతాబ్దంలో కట్టించిన జామియా మసీదు ఇప్పటికీ అక్కడుంది. దస్తర్‌ఖాన్ తహజీబ్ ఇటు వచ్చిన దారుల్లో అదొకటి అనుకోవచ్చు. మగర్ నెల్లిమర్ల జూట్ మిల్లు ఊరు. బట్వాడా డబ్బుల మీద బతికే ఇంట్లో చాందీ పాన్‌దాన్ ఎక్కడిది? ఈ జిల్లాల్లో సామానంటే ఇత్తడి, కంచు. శ్రీకాకుళం జిల్లా బుడితి పనివాళ్ల పేరు వాటికే. ఇత్తడి దేగ్చాలో పులుపు పడితే చిలుమెక్కి వంట చెడుతుంది కనుక, పండక్కి ముందు కళాయి సాయిబు కావాలి. గిన్నెని నిప్పు మీద బాగా వేడిచేసి, నవసాగరం పొడి చల్లి, తగరం తాకించి, దూదితో ఒక్క చుట్టు తుడుస్తాడు. అంతే, లోపలంతా చాందీలా తళతళ. బీదర్‌లో లోహాన్ని నల్లగా చేసే నవసాగరమే ఇక్కడ తెల్లగా మెరిపించడానికి పనికొస్తుంది! కళాయి అనే మాట కూడా తగరానికి అరబ్బులు పెట్టిన పేరులోంచి వచ్చిందే. ఫిఖా తగాదా లేని చాందీ అది. గరీబు దస్తర్‌ఖాన్‌కి అంతకంటే షాన్ ఏం కావాలి?

స్టీలు వచ్చి కళాయిని వీధిలోంచి పంపేసింది. ఇప్పుడు చాందీ ధర పెరిగేసరికి, ఎక్కడో ఒక ఇంట్లో మిగిలిన గులాబ్‌పాష్ కూడా తరాజులోకి పోతోంది. దుకాణదారు తూకమే చూస్తాడు. అందులోనూ టంకం తరుగు తీసేస్తాడు. తీగపని సామాను తేలిక కనుక చేతికొచ్చేది కొంచెమే, ఉస్తాద్ మెహనత్‌కి సున్నా. ఒకసారి కొలిమిలో పడ్డాక అది ఒట్టి వెండి ముద్ద.

పాత సామాను ఇంట్లో ఉంటే అమ్మే ముందు ఈ ఈద్‌కి ఒకసారి బయటికి తీసి చూడండి. చాందీది వాడటానికి దిల్ ఒప్పకపోతే అది అల్మారాలోనే ఉండనివ్వండి, పన్నీరుకి ఇత్తడి గులాబ్‌పాష్ చాలు. అటక మీది దేగ్చాకి కళాయి వేయించడానికి మాత్రం ఇప్పట్నుంచే మనిషిని వెతకండి, చాంద్‌రాత్ నాడు దొరకడు.