ఎదుటివాని బండి, మన బండి: వీధి నియమముల చరిత్ర

గడచిన వర్షాకాలములో ఒక ఉదయము హైదరాబాదులోని ఒక నాలుగు వీధుల కూడలి వద్ద నేను సుమారు ఇరువది నిమిషములు నిలిచిపోయినాను. పచ్చదీపము వెలిగినది, ఆరినది. మరల వెలిగినది, మరల ఆరినది. కాని ఏ బండియు కదలలేదు. నాలుగు వైపుల నుండి వచ్చిన కార్లు, ఆటోలు, స్కూటర్లు కూడలి నడుమ ఒకదానికొకటి అడ్డుపడి, చిక్కుపడిన దారపుండవలె అయినవి. అందరును హారను మ్రోగించుచున్నారు. ప్రతివారును ప్రక్కవానిని తిట్టుచున్నారు. ఇంతలో వెనుకనుండి అంబులెన్సు కూత వినవచ్చినది. దారి ఇయ్యవలెనని అందరికిని ఉన్నది. ఇచ్చుటకు చోటు మాత్రము ఎవ్వరివద్దను లేదు. ఆ అంబులెన్సులో ఉన్నవారు ఎవరో, వేళకు ఆసుపత్రి చేరినారో లేదో నాకు తెలియదు. నేను తలవంచి చూచుకొనగా, నా స్కూటరు ముందు చక్రము తెల్లగీతకు రెండు గజములు ఆవల ఉన్నది.

మరునాడు తరగతిలో ఈ సంగతి చెప్పగా ఒక విద్యార్థి లేచి, "తప్పు ఎవరిది సార్?" అని అడిగినాడు. ఈ ప్రశ్న క్రొత్తది కాదు. బండ్లు పెరిగిన ప్రతి నగరములోను జనులు ఈ ప్రశ్న వేసికొనినారు. దానికి సమాధానము వెదకుచు వారు నడచిన దారియే వీధి నియమముల చరిత్ర.

మోటారు పుట్టక పూర్వము

వీధులలో ఇరుకు మోటారు కార్లతోనే పుట్టినదని చాలామంది తలంతురు. ఇది పొరపాటు. క్రీస్తుకు పూర్వము మొదటి శతాబ్దిలోనే రోము నగరపు ఇరుకు వీధులలో బండ్ల రద్దీ భరింపరానిదైనది. జూలియస్ సీజరు కాలపు శాసనమొకటి, కొన్ని మినహాయింపులతో, పగటివేళ చాలభాగము నగరములో బండ్లు తిరుగరాదని కట్టడి చేసినది. దానితో పగటి బాధ తగ్గినది గాని, సరకు బండ్లన్నియు రాత్రులందు కదలసాగినవి. ఆ చక్రముల చప్పుడుకు నిద్ర పట్టుట లేదని జువెనల్ అను రోమను కవి మొరపెట్టుకొనినాడు. ఒక చిక్కును తీర్చబోగా మరియొకటి వచ్చిపడుట నాటినుండి నేటివరకు ఈ చరిత్రలో తరచుగా కానవచ్చును.

లండనులో 1722వ సంవత్సరమున థేమ్సు నదిపైనున్న వంతెన మీద ఇట్టి అవస్థయే కలిగినది. అపుడు నగర మేయరు ఒక ఉత్తర్వు చేసినాడు. నగరములోనికి వచ్చు బండ్లు వంతెనకు పడమటి ప్రక్కను, నగరమునుండి వెలుపలికి పోవు బండ్లు తూర్పు ప్రక్కను నడువవలెను. దిక్కులు గీసి చూచినచో ఇరువురును తమ ఎడమ ప్రక్కనే నడుచుచున్నారని బోధపడును. 1835లో వచ్చిన చట్టము ఈ ఎడమవైపు పద్ధతిని బ్రిటనులో స్థిరపరచినది. ఆ పాలనతో అదియే మన దేశమునకు వచ్చినది. ఎడమ మేలా, కుడి మేలా అనునది ఇక్కడ ముఖ్యము కాదు. అందరును ఒకే ప్రక్కను పట్టుకొనుట ముఖ్యము. ఎదుటి బండి ఏమి చేయునో ముందుగా తెలియుటయే వీధి నియమమునకు ప్రాణము.

ప్రేలిన దీపము

1868 డిసెంబరులో లండనులోని పార్లమెంటు భవనముల చెంత ఒక వింత స్తంభము వెలసినది. దీనిని కల్పించినవాడు జాన్ పీక్ నైట్ అను రైల్వే ఉద్యోగి. రైలు మార్గములందలి సిగ్నలు చేతులను చూచి, వానినే వీధిలో నిలిపిన నేమని ఆయనకు తోచినది. పగటివేళ స్తంభపు చేతులు అడ్డముగా చాచినచో ఆగవలెను. క్రిందికి వంచినచో జాగ్రత్తగా సాగవలెను. రాత్రివేళ ఆగుటకు ఎఱ్ఱదీపము, సాగుటకు పచ్చదీపము. ఇవి గ్యాసుతో వెలుగు దీపములు. వీనిని త్రిప్పుటకు ఒక పోలీసు జవాను స్తంభము చెంత నిలిచియుండెడివాడు.

ఒక నెలయైనను గడువకముందే, 1869 జనవరి 2న గ్యాసు కారి దీపము ప్రేలినది. జవానుకు గాయములు తగిలినవి. ఆ ప్రయత్నము అంతటితో ఆగిపోయినది. వీధి సిగ్నళ్ళకు మరల మంచి దినములు వచ్చుటకు విద్యుచ్ఛక్తి రావలసి వచ్చినది.

తొమ్మిదేండ్ల బాలుని జ్ఞాపకము

ఇదే కాలమున అమెరికాలో మరియొక కథ నడచినది. 1867లో న్యూయార్కు నగరములో విలియం ఫెల్ప్స్ ఈనో అను తొమ్మిదేండ్ల బాలుడు తల్లితో గుర్రపుబండిలో పోవుచు బ్రాడ్వే వీధిలో చిక్కుకొనినాడు. ఆ రద్దీకి కారణమైనవి పట్టుమని డజను బండ్లు మాత్రమేనని ఆయన పెద్దవాడైన పిమ్మట తలచుకొనినాడు. బండ్లు ఎక్కువగుట వలన కాక, ఏమి చేయవలెనో తోలువారికి గాని పోలీసులకు గాని తెలియకపోవుట వలననే దారి మూసుకొనిపోయినదని ఆయనకు తట్టినది.

ఈనో 1900లో వీధి సంస్కరణను గూర్చి ఒక వ్యాసము ప్రకటించినాడు. 1903లో న్యూయార్కు పోలీసులు ఆయన కూర్చిన నియమములను స్వీకరించినారు. నెమ్మదిగా పోవు బండ్లు వీధి అంచున నడువవలెను. ఆగదలచినవాడు వెనుకవారికి తెలియునట్లు చేతిని గాని, కొరడాను గాని పైకెత్తవలెను. నేటి కారు వెనుక వెలుగు ఎఱ్ఱదీపము ఆ కొరడాకు వారసురాలు. ఇంత చేసిన ఈనో తాను ఎన్నడును మోటారు నడపలేదని చెప్పుదురు.

పసుపు దీపము వెనుక గణితము

1914 ఆగస్టు 5న అమెరికాలోని క్లీవ్‌లాండు నగరములో విద్యుత్ సిగ్నళ్ళు పనిచేయ మొదలిడినవి. వానికి ఎఱుపు, పచ్చ అను రెండు రంగులే. రంగు మారునపుడు హెచ్చరికగా ఒక బజరు. జేమ్స్ హోగ్ రూపొందించిన ఆ పద్ధతిలో అగ్నిమాపక దళమువారి బండ్లు వచ్చునపుడు మిగిలిన బండ్లను నిలిపివేయుటకు ఏర్పాటు కలదు. అంబులెన్సుకు దారి చూపవలెనను చింత సిగ్నలుతో పాటే పుట్టినదన్నమాట.

1920లో డెట్రాయిటు నగరపు పోలీసు అధికారి విలియం పాట్స్, నాలుగు దిక్కులకు మూడు రంగులు చూపు సిగ్నలును నిలిపినాడు. నడుమ రంగు పసుపు. దాని అవసరమేమో చిన్న లెక్కతో చూతము.

గంటకు 36 కిలోమీటర్ల వేగమనగా సెకండుకు 10 మీటర్లు. దీపము మారుట చూచి బ్రేకు మీద కాలు వేయుటకు ఒక సెకండు పట్టుననుకొనిన, బండి అప్పటికే 10 మీటర్లు పోవును. బ్రేకు వేసిన పిమ్మట వేగము ప్రతి సెకండుకు 5 మీటర్ల చొప్పున తగ్గుననుకొనిన, ఆగుటకు మరి 10 మీటర్లు కావలెను. మొత్తము 20 మీటర్లు. వేగము రెట్టింపైనచో? మొదటి భాగము 20 మీటర్లగును. రెండవ భాగము వేగపు వర్గముననుసరించి పెరుగును గనుక 40 మీటర్లగును. మొత్తము 60 మీటర్లు! వేగము రెండింతలు, ఆగు దూరము మూడింతలు. తడిసిన రోడ్డుపై ఇంకను ఎక్కువ.

ఆగుటకు కావలసిన ఈ వ్యవధిని ఇచ్చుటకే పసుపు దీపము పుట్టినది. మనలో చాలమంది దానిని చూచి వేగము పెంచుదురు. అట్లు చేయువాడు తన ఆగు దూరమును తానే పొడిగించుకొని, ఎదుటి వీధివాడు తొందరపడి కదలు వేళకు కూడలి నడుమ చేరుచున్నాడు.

ముందు ఎవరు?

న్యూయార్కులోని కొలంబస్ వలయము చుట్టు 1905లోను, పారిసులోని ఎత్వాల్ చుట్టు 1907లోను బండ్లు ఒకే దిశలో తిరుగు పద్ధతి వచ్చినది. బండ్లు పెరిగినకొలది ఇట్టి వలయములు పలుచోట్ల బిగిసిపోవసాగినవి. కారణము సులభము. లోనికి వచ్చువాడు చొరబడుచుండ, లోనున్నవాడు వెలుపలికి పోలేకుండెను. వాడు పోనిదే వీనికి చోటు లేదు. ఇరువురును నిలిచిపోయెడివారు.

ఫ్రాంక్ బ్లాక్‌మోర్ అను బ్రిటిషు ఇంజనీరు దీనిని పరిశీలించి, వలయములో ఉన్న బండికే మొదటి హక్కు ఉండవలెనని వాదించినాడు. 1966 నవంబరులో బ్రిటను ఆ నియమమును చేసినది. మరుసటి ఏడు అక్కడనే కూడళ్ళలో పసుపు గీతల పెట్టె వెలసినది. ఆవలి ప్రక్కను చోటు కనబడనిదే, పచ్చదీపమున్నను ఆ పెట్టెలో అడుగిడరాదు. ఆ ఉదయము మా కూడలిలో లోపించినది సరిగా ఇదియే. పచ్చదీపము మనకు పోవుటకు అనుమతి నిచ్చునే గాని, ఆవల చోటును కల్పింపదు.

కారణము లేని రద్దీ

ఒక్కొక్కప్పుడు ఏ కూడలియు, ఏ ప్రమాదమును లేకయే రద్దీ పుట్టును. చాలసేపు నిలిచి కదలిన పిమ్మట చూడగా ముందు అడ్డమేమియు కానరాదు. 1955లో లైట్‌హిల్, విథామ్ అను ఇద్దరు గణితవేత్తలు ఈ విషయమును రెండు భాగముల వ్యాసములో చర్చించినారు. మొదటి భాగము నదులలో వరదను గూర్చి, రెండవ భాగము రోడ్డుమీది బండ్లను గూర్చి! భద్రాచలము వద్ద ఉబ్బిన గోదావరి పిదప ధవళేశ్వరము వద్ద ఉబ్బినట్లు, బండ్ల ఒత్తిడియు ఒక తరంగమై రోడ్డు వెంట ప్రయాణము చేయునని వారు చూపినారు. అయితే వరద నదితో పాటు క్రిందికి దిగును. దట్టమైన రద్దీ తరంగము బండ్లకు ఎదురుగా వెనుకకు పాకును.

2008లో జపాను శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రయోగము దీనిని కన్నులకు కట్టినది. 230 మీటర్ల చుట్టుకొలత గల వలయముపై 22 కార్లను సమదూరములో నిలిపి, గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగముతో సాగుడని చెప్పినారు. ఒక్కొక్క కారుకు దక్కినది పది మీటర్లకు కొంచెమెక్కువ. కూడలి లేదు, సిగ్నలు లేదు, త్రోసుకొని వచ్చువాడు లేడు. అయినను కొంతసేపటికి ఒకడు కొంచెము తగ్గెను. వెనుకవాడు మరికొంచెము తగ్గెను. ఇట్లు పెరిగి పెరిగి కొన్ని కార్లు పూర్తిగా ఆగిపోయినవి. ఆ రద్దీ గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగముతో వెనుకకు పాకినది.

ముందు బండిని అంటిపెట్టుకొని పోవుట వలన కాలము కలిసివచ్చునని మనము భ్రమపడుదుము. నిజమునకు ముందు వదలిన ఖాళీ వృథా కాదు. చిన్న కుదుపును అది మ్రింగివేసి, వెనుకనున్న నూరుమందిని కాపాడును.

మన వీధులు

1932లో నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా శాఖ బస్సులు నడుప నారంభించినపుడు దానివద్ద ఉన్న బస్సులు 27. 2011 జనాభా లెక్కలనాటికి హైదరాబాదు మహానగరపాలక సంస్థ పరిధిలోని జనులు 67 లక్షలకు పైగా. మోటారు బండ్లకు దేశమంతటికి 1914లో ఒక చట్టము, 1939లో మరియొకటి, 1988లో ఇంకొకటి వచ్చినవి. 2019లో జరిమానాలు పెంచినారు. చట్టములకు కొదువ లేదు. అయినను 2022లో మన దేశపు రోడ్లపై మరణించినవారు 1,68,491 మంది. అనగా దినమునకు 460కి పైగా.

పై చరిత్రలో నైట్ గాని, ఈనో గాని, బ్లాక్‌మోర్ గాని తోలువారు దుర్మార్గులని అనలేదు. మంచివారు కూడ నియమము లేనిచోట ఒకరికొకరు అడ్డమగుదురని గ్రహించినారు. కాని నియమము స్తంభముపై వెలిగిన చాలదు; బండి నడుపువాని కాలిలోను, చేతిలోను ఉండవలెను.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఆటస్థలములో సున్నముతో పెద్ద వలయము గీసి, ఇరువదిమంది పిల్లలను చేయిచాపు దూరములో నిలిపి, ఒకే నడకతో తిరుగుడని చెప్పండి. ఒకనిని ఒక్క క్షణము ఆగుమనండి. ఆ ఆగుట ఒకరినుండి ఒకరికి వెనుకకు ఎట్లు పాకునో అందరును చూతురు. పిమ్మట ఎడము పెంచి మరల నడిపించండి. రెండింటికిని గల తేడాను పిల్లలే చెప్పుదురు.

ఆనాడు నన్ను ప్రశ్నించిన విద్యార్థికి నేను చెప్పినది ఇది: "ఆ కూడలిలో నాకు నీవు ఎదుటివాడవు; నీకు నేను ఎదుటివాడను. అంబులెన్సులో ఉన్నవారికి మనమందరము ఎదుటివారమే. తప్పులో రెండు గజములు నాది." ఇపుడు ఆ కూడలి వద్ద తెల్లగీతకు ఈవలనే ఆగుచున్నాను. వెనుకవారు హారను మ్రోగించుచునే ఉందురు.