బాప్తిస్మం పుస్తకంలో మా అబ్బ వాళ్ల అబ్బ

ఖాజీపేట దగ్గర మా మాలపల్లెలో మా జేజిని ఒకసారి అడిగినాను: "మన ఇంటోళ్లు ఎన్ని తరాల నుంచి ఈడుండారు జేజీ?" అని. "కూలికి పోయినాము, వచ్చినాము. దానికి లెక్కేంటికి నాయనా" అన్నది. ఇంకా అడిగితే మూడు తరాల పేర్లు చెప్పింది. ఆపైన ఆమెకూ తెలియదు. చదువు రాని మనిషి మూడు తరాలు చెప్పడం తక్కువేమీ కాదు. కానీ అదే ఊళ్లో రెడ్డిగారింటికి గుడి శాసనం ఉంది, పట్టా ఉంది, ఊరి కైఫీయతులో తాతల మాట ఉంది. మెకంజీ మనుషులు మా జిల్లాలో కైఫీయతులు రాయించుకున్నప్పుడు చెప్పిందీ రాసిందీ కరణాలే. మాలపల్లెకు వచ్చి ఎవరూ అడగలేదు.

ఇంగ్లండ్‌లో ఒక పొలం కూలీ మునిమనవడు తన వంశాన్ని ఎట్లా వెతుక్కుంటాడో చూడండి. అతనికి రెండు రకాల పుస్తకాలు దొరుకుతాయి. ఒకటి చర్చి పుస్తకం. ఎనిమిదో హెన్రీ కాలంలో థామస్ క్రాంవెల్ 1538లో ప్రతి పారిష్‌లోనూ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు రాసిపెట్టాలని ఉత్తరువు ఇచ్చాడు. 1813 నుంచి దానికి అచ్చు ఫారాలు వచ్చాయి: బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఇంటిపేరు, నివాసం, తండ్రి చేసే పని, బాప్తిస్మం ఇచ్చినవారి సంతకం. రెండోది ప్రభుత్వ పుస్తకం. 1837 జూలై 1 నుంచి పుట్టుక, పెళ్లి, చావు మూడూ సర్కారు లెక్కలోకి వచ్చాయి. 1841 నుంచి జనాభా లెక్కల కాగితాల్లో ప్రతి మనిషి పేరూ ఎక్కింది, ఆ కాగితాలను దాచారు కూడా. పేదల మీద ప్రేమతో రాశారని కాదు. పేదవాడు ఏ పారిష్ వాడో తేలితేనే వాడికి తిండి పెట్టే భారం ఎవరిదో తేలుతుంది. 'దొంగబిడ్డ' అనీ 'దరిద్రుడు' అనీ పక్కన రాశారు. ఎంత అవమానంగా రాసినా, పేరైతే రాశారు.

అదే తెల్లదొరల ప్రభుత్వం ఇక్కడ ఏం చేసింది? 1800లో నిజాం మన సీమను కంపెనీకి దత్తం చేసిన నాటి నుంచి శిస్తు లెక్కలు గుట్టలుగా ఉన్నాయి. భూమి ఉన్నవాడి పేరు వాటిలో ఉంటుంది. మనకు భూమి లేదు. 1871లో మద్రాసు రాజధాని అంతటా జనాభా లెక్కలు తీశారు. మాలలు ఎంతమంది, మాదిగలు ఎంతమంది అని మొత్తాలు అచ్చు వేసి, మనుషుల పేర్లున్న కాగితాలను ఉంచలేదు. జనన మరణాలు రాయాలని మద్రాసులో 1899లో చట్టం వచ్చింది. మా వైపు ఊరి రిజిస్టర్లలో నేను చూసినంతవరకు మన ఇండ్లలో పుట్టిన బిడ్డకు పేరు ఉండదు. 'ఫలానా మాలవానికి ఆడబిడ్డ' అని ఉంటుంది, అంతే. తల్లి పేరు ఉండదు, ఇంటిపేరు అసలే ఉండదు. ఊళ్లో చావు కబురు మోసే వెట్టి పని మనది. కబురు మోసినవాడి ఇంట్లో చావుకు మాత్రం అరలైను కూడా దక్కేది కాదు. 1984లో కరణీకాలు రద్దయినాక ఆ లెక్కల్లో ఎన్ని ఆఫీసులకు చేరాయో, ఎన్ని కరణాల అటకల మీద మిగిలాయో, వెతకబోయినవాళ్లకే తెలుస్తుంది.

సర్కారు మన పేర్లు రాసిన చోట్లు లేకపోలేదు. 1858లో వేసిన ఇనాం కమిషన్ వెట్టి మాన్యాల కింద కొందరు మాలమాదిగల పేర్లు ఎక్కించింది, ఊరికి చేసే చాకిరీ ఎవరి మెడకు కట్టాలో తెలియాలి కాబట్టి. 1860 నుంచి 1911 దాకా నటాలు చెరకు తోటలకు ఓడల్లో పోయిన 1,52,184 మందికీ తలా ఒక నంబరు, తండ్రి పేరు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద మచ్చలతో సహా రాశారు. పారిపోతే పట్టుకోవాలి కదా.

ఇక మిగిలింది మిషను పుస్తకం. లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో పని మొదలుపెట్టింది. తర్వాత జమ్మలమడుగు కూడా వాళ్లకు పెద్ద కేంద్రమయింది, అక్కడి కాంప్‌బెల్ ఆసుపత్రి వాళ్లదే. ఉత్తరాన ముత్యాలపాడు, నంద్యాల, కలసపాడు వైపు ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషను. మన జిల్లాలో ఈ రెండింటిలోనూ చేరింది ఎక్కువగా మాలలే. కాబట్టి నేను చెప్పబోయే దారి మా పల్లెకు పనికొచ్చినంతగా పక్కనున్న మాదిగపల్లెకు పనికిరాదు. ఈ సంగతి మాల పరిశోధకులం ఒప్పుకోవాలి. మాదిగలు ఎక్కువగా చేరింది ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టు మిషనులో. 1878 జూలై 3న ఒక్కరోజే అక్కడ 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అయితే బాప్టిస్టులు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు. వాళ్ల పుస్తకంలో పెద్దవాళ్లుంటారు, ఎవరి బిడ్డలో తెలియదు. ఎల్.ఎం.ఎస్., ఎస్.పి.జి.లు పసిబిడ్డలకూ ఇచ్చాయి కనుక తల్లి పేరు, తండ్రి పేరు రాయవలసి వచ్చింది. వంశం వెతికేవాడికి ఇది చాలా పెద్ద తేడా.

ఆ పుస్తకాన్ని తెరవడం ఒక పని, చదవడం ఇంకో పని. ఒక గుడిలో పాస్టరుగారు మూడుసార్లు తిప్పించుకుని నాలుగోసారి బీరువా తీశారు. పుస్తకానికి సగం చెదలు. లండన్‌లో దొరుకుతుందిలే అనుకోవద్దు. ఎల్.ఎం.ఎస్. కాగితాలు 1973 నుంచి అక్కడి సోయాస్ గ్రంథాలయంలో ఉన్నాయి గానీ, దొరలు రాసిన ఉత్తరాల్లో మనం ఎక్కువగా అంకెలమే. మద్రాసు నుంచి లండన్‌కు పంపిన చర్చి రిజిస్టరు నకళ్లలో ఉన్నది ముఖ్యంగా తెల్లవాళ్లు, ఆంగ్లో ఇండియన్లు. మన పేరున్న అసలు పుస్తకం ఆ చెదల బీరువాలోనే ఉంటుంది. అది ఏ బీరువానో కూడా తేల్చుకోవాలి. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఎల్.ఎం.ఎస్. గుళ్లు అందులో చేరాయి, నంద్యాల ఆంగ్లికన్లు అప్పుడు చేరలేదు. అక్క జమ్మలమడుగు వైపు, చెల్లెలు నంద్యాల వైపు మెట్టి ఉంటే ఒకే ఇంటి మనుషులు రెండు సంఘాల పుస్తకాల్లో ఉంటారు.

ఊరి పేరుతో ఇంకో తంటా. ఇంగ్లీషులో రాసిన ఖాజీపేటను పట్టుకుని వెతికితే ప్రతి సూచికా మనల్ని వరంగల్ పక్కనున్న రైలు జంక్షన్‌కు తీసుకుపోతుంది. నేను రెండు రోజులు అట్లా పోగొట్టుకున్నాను.

మనుషుల పేర్లు అంతకంటే కష్టం. ఓబులేసు పోయి యోహాను వస్తాడు, గంగమ్మ పోయి మరియమ్మ వస్తుంది. పాత పేరు పక్కన రాసి ఉంటే అదృష్టం. ఇంటిపేరు గడి మాత్రం ఇంగ్లీషు అలవాటు ప్రకారం ఉంది. కరణం 'మాల చెన్నడు' అని వదిలేసిన మనిషికి ఒక ఇంటిపేరు ఉందని ఈ గడి పుణ్యాన కాగితం మీద పడింది. వయసుల మీద నమ్మకం పెట్టుకోకూడదు. 1872 క్రైస్తవ వివాహ చట్టం మగవాడికి పదహారు, ఆడపిల్లకు పదమూడు దాటాలన్నది కాబట్టి పెళ్లి పుస్తకంలో వయసు రాయక తప్పలేదు. కరువులతోనూ వరదలతోనూ పుట్టుక గుర్తుపెట్టుకునే జనానికి ఎవరో ఒకరు అంకె వేశారు. 20, 25, 30 అని సున్నాలూ అయిదులే ఎక్కువ కనిపిస్తాయి.

1876-78 ధాతు కరువు తర్వాతి పేజీల్లో చేర్పులు బాగా పెరిగాయి. అక్కడే మా అబ్బ వాళ్ల అబ్బ దొరికాడు. దొరికాడు అనుకుంటున్నాను. అదే పల్లె నుంచి అదే పాత పేరుతో ముగ్గురున్నారు. భార్య పేరు జేజి చెప్పినదానితో కలిసింది ఇద్దరికి. ఆ ఇద్దరిలో ఒకరి బిడ్డ తర్వాత జమ్మలమడుగు వైపు కోడలిగా పోయినట్టు పెళ్లి పుస్తకంలో ఉంది. "పెద్దత్త ఆ పక్కకు పోయింది" అని జేజి ఎన్నోసార్లు చెప్పిన మాట అది. కాగితం ఒక్కటే అయితే ముగ్గురి దగ్గర ఆగిపోయేవాణ్ణి. జేజి మాట ఒక్కటే అయితే మూడు తరాల దగ్గర ఆగిపోయేవాణ్ణి.

సంతోషంగా ఇంటికి పోయి నాయనకు చెప్పినాను. ఆయన ముఖం మారిపోయింది. "ఇది యాడా రాయొద్దు" అన్నాడు. మా బడి సర్టిఫికెట్లలో 'హిందూ మాల' అని ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తరువు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. దళిత క్రైస్తవుడు మన రాష్ట్రంలో బి.సి.-సి. ఊరు మాత్రం అతన్ని మాలవాడనే పిలుస్తుంది, బావి దగ్గరా హోటల్లోనూ అతని బాప్తిస్మం ఎవరికీ గుర్తురాదు. సర్టిఫికెట్ ఇచ్చే చోట మాత్రం గుర్తొస్తుంది. 2024 నవంబరులో పుదుచ్చేరి మహిళ కేసులో సుప్రీంకోర్టు ఎస్.సి. సర్టిఫికెట్ ఇవ్వనక్కరలేదని తీర్పు చెప్పినప్పుడు చూసిన సాక్ష్యాల్లో ఆమె చిన్ననాటి బాప్తిస్మం నమోదు ఒకటి. నిజానికి 2015లో ఇదే కోర్టు, తాతలు మతం మారినా తిరిగి వచ్చి కులం వాళ్లు ఒప్పుకుంటే పాత కులం హక్కు ఉంటుందన్నది. అక్కడ కూడా మొదటి మెట్టు పూర్వీకుల కులం రుజువు చేయడమే. ఆ రుజువు మళ్లీ ఈ పుస్తకంలోనే ఉంది, కులం గడిలో.

ఇంగ్లండ్‌లో తాత బాప్తిస్మం దొరికిన మనిషి దాన్ని పటం కట్టించుకుంటాడు. మా నాయన తలుపు మూసి మాట్లాడినాడు. మా పల్లెలో గుడికి పోతూ కాగితం మీద హిందువులుగా ఉన్నవాళ్లను అగ్రకులాల వాళ్లు దొంగలంటారు. ఒక పుస్తకంలో పేరే లేకుండా చేసి, పేరున్న ఒకే ఒక పుస్తకాన్ని నేరంగా మార్చినవాళ్లను ఏమనాలి?

జేజికి మాత్రం భయం లేదు. ఆ లైను చదివి వినిపిస్తే "తల్లి పేరు రాసినారా?" అని అడిగింది. పెద్దవాడిగా చేరినవాడు కాబట్టి అతని తల్లి పేరు లేదు, అతని బిడ్డల దగ్గర మాత్రం వాళ్ల తల్లి పేరు ఉంది. అది చదివినాను. మళ్లీ చదవమన్నది.

ఆధారం చెప్పి పేజీ నంబరు ఇవ్వకపోవడం పరిశోధనలో తప్పని మా గైడుగారు అంటారు. ఆయన చెప్పింది సరైనదే. ఈ వ్యాసంలో ఏ గుడి అన్నదీ, ఏ సంవత్సరం అన్నదీ, పేజీ నంబరూ నాయన అడిగినందువల్ల ఇవ్వలేదు.