ఇంజనీరింగు పట్టమునకు పిమ్మట



ఇంజనీరింగులో పట్టము పుచ్చుకొనిన మనుమడొకడు రెండు ఉత్తరములు చేతబట్టుకొని, దెందులూరులో అరుగుమీద కూర్చున్న తాతగారి యెదుట నిలిచినాడనుకొనుడు. ఒకటి మన దేశములోనే ఎం.టెక్. చదువునకు పిలుపు. గేటు పరీక్షలో నెగ్గినవాడు గనుక నెలనెల భృతి లభించును. రెండవది సముద్రమున కావలనున్న విశ్వవిద్యాలయములో ఎం.ఎస్. చదువునకు పిలుపు. దానికి పొలము తాకట్టు పెట్టవలెను. “ఏది మేలు, తాతా?” అని వాడడిగెను. తాతగారు ఇంజనీరింగు చదివినవారు కారు. అయినను వారు చెప్పగలరని నా మనవి. ఈ విద్య మన దేశమున వేరూనిన వృత్తాంతము తెలిసినచో దారి కనబడును.

భూములు కొలుచువారు కావలసివచ్చి చెన్నపట్టణమున 1794లో సర్వే పాఠశాల పెట్టబడెను. అదియే పెరిగి 1859లో ఇంజనీరింగు కళాశాల యయ్యెను. నేడు గిండీ కళాశాల యని మన మెరిగినది అదియే. గంగా కాలువ పనికి మనుష్యులు కావలసివచ్చి 1847లో రూర్కీ కళాశాల వెలసెను. పరిశోధన కొరకు జంషెడ్జీ టాటాగారి దానముతో బెంగుళూరులో 1909లో విజ్ఞానసంస్థ యేర్పడెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1951లో ఖరగ్‌పూరునను, 1959లో మద్రాసునను ఐ.ఐ.టి.లు నెలకొనెను. ఆ 1959లోనే వరంగల్లున ప్రాంతీయ కళాశాల పుట్టెను. 2015లో మన తాడేపల్లిగూడెమునకే జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వచ్చెను. వీనిలో ఏదియు వట్టి పేరు కొరకు పుట్టలేదు. ఏదో యొక పని కొరకు పుట్టినది. కావున విద్యాలయము పేరు వినినంతనే మురిసిపోక, అచ్చట ఏ పని బాగుగ జరుగుచున్నదో విచారింపవలెను.

గోదావరినుండి వచ్చు కాలువయు, కృష్ణనుండి వచ్చు కాలువయు ఏలూరున కలిసికొనుట మీరెరుగుదురు. 1847లో ధవళేశ్వరపు ఆనకట్ట నారంభించి 1852లో ముగించిన కాటన్ దొరగారు, ఆడిస్కోంబులోని కంపెనీవారి సైనిక విద్యాలయమున చదివినవారు. ఆ విద్యాలయము 1861లో మూతపడినది. కాలువలో నీరు మాత్రము నేటికిని పారుచున్నది.

ఇక మనవారి మాట. కృష్ణా జిల్లా కంకిపాడున 1902లో జన్మించిన కానూరి లక్ష్మణరావుగారు గిండీలో చదివిరి. మద్రాసు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగులో మాస్టరు పట్టము మొట్టమొదట పొందినవారు వీరే. ఆ తరువాతనే ఇంగ్లండు వెళ్లి, 1939లో బర్మింగుహాము విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమందిరి. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరపు రూపకల్పనలో వీరి పాత్ర ప్రధానమైనది. 1963లో కేంద్రమున నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖల మంత్రియైరి. స్వదేశములో పైచదువు తక్కువదని తలచువారు ఈ వరుసను గమనింతురు గాక. విదేశవిద్య వ్యర్థమనువారును గమనింతురు గాక. ముందు ఇంటి చదువు, పిదప పరదేశపు చదువు. రెండును చివరకు కృష్ణానదికే ఉపయోగపడినవి.

ఇప్పుడు మన కొల్లేటిని చూడుడు. బుడమేరు, తమ్మిలేరు మొదలగునవి నీరు తెచ్చి పోయును. సముద్రమునకు పోవు దారి ఉప్పుటేరొక్కటే. వరదనీరు త్వరగా దిగునట్లును, సముద్రపు ఉప్పునీరు ఎగువకు రాకుండునట్లును చేయుట యెట్లు? ఈ ప్రశ్న మనస్సున నాటుకొనిన పిల్లవాడు జలప్రవాహ శాస్త్రమునందు ప్రయోగశాలయు, అందు కృషిచేయు గురువును గల చోటికి పోవలెను. కంప్యూటరు విద్యపై మనసుపడినవానికి ఆ చోటు ఎంత గొప్పదైనను తగదు.

కొల్లేట దోనె యెక్కువాడు దాని రంగు చూడడు. అడుగున చిల్లున్నదా, నడుపువాడెవడు, ఏ రేవునకు పోవును అని అడుగును. తాతగారును మనుమని అట్లే అడుగవలెను. నాయనా, నిన్ను పిలుచుచున్న పని యేది? ఆ పనిలో నీకు గురువు కాగలవారెవరు? నీకు ముందు అచ్చట చదివినవారు ఇప్పుడేమి చేయుచున్నారు? తరగతి పాఠములు ప్రధానమైన చదువా, పరిశోధన ప్రధానమైన చదువా? చదువు ముగిసిన పిమ్మట ఏడాదివరకు ఉద్యోగము రాకపోయినచో, వడ్డీ యెవరు కట్టుదురు?

ఈ ప్రశ్నలకు విదేశపు పిలుపే చక్కని జవాబు చెప్పినచో, తాకట్టునకు వెరవనక్కరలేదు. జవాబులు రెండువైపుల సమానముగ నున్నచో, అప్పు లేని దారినే ముందు పట్టుట మేలు. మద్రాసు పట్టము బర్మింగుహామునకు అడ్డు రాలేదు గదా! సముద్రము ఎక్కడికిని పోదు. పోయిన పొలము మాత్రము తిరిగి వచ్చుట దుర్లభము.